మాస్తర్ పిలిచిన లోయ

“పెళ్లికి రెండు టెంపోలు చాలవు వహినీ, మూడు మాట్లాడాం. ఇంకా పైన జోర్ ఊరివాళ్ల సంగతి తెలీదు,” అనేసి పాలవాడు పాండురంగ్ మోటారుసైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు.

బండి చప్పుడు సందు మలుపు దాటాక కూడా ఉజ్వల పాలగిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపల పాత చీరల అంచులు కత్తిరించి తోరణాలు కుడుతున్న కూతురు కేతకి చేతిలో కత్తెర ఆగిపోయింది.

“బాబా.”

తండ్రి మధుకర్ పేపరు దించలేదు.

“బాబా, మూడు టెంపోల్లో వచ్చేది ఎవరు?”

“మనవాళ్లే.”

“మనవాళ్లంటే?”

“లోయలో వాళ్లు. ముప్ఫై ఏళ్లు నా బస్సెక్కినవాళ్లు.” పేపరు వెనకనుంచే చెప్పాడు. “నోటితోనే పిలిచాలే. నువ్వు బొమ్మలేసుకున్న కార్డులు ఎవరికీ ఇవ్వలేదు.”

“ఎంతమందిని పిలిచారు?”

“మనుషుల్ని లెక్కపెట్టి పిలుస్తారా ఎవరైనా?”

“మీరు కండక్టరు బాబా! లెక్కపెట్టడమే కదా మీ ఉద్యోగం!”

ఇంకోరోజయితే ఈ మాటకి ముగ్గురూ నవ్వేవారు. ఈవేళ ఎవరూ నవ్వలేదు.

కేతకి పెళ్లి వచ్చే ఆదివారం కాక, ఆ పై ఆదివారం. తను చిన్నపిల్లలకి చదువు చెప్పే బాలవాడి ఆవరణలో, మామిడిచెట్ల కింద. నూట యాభై మంది. అంతకు ఒక్కరు కూడా ఎక్కువ కాకూడదని ఆ పిల్లా, పెళ్లికొడుకు మకరందూ కలిసి కూర్చుని తేల్చుకున్నారు. ఖర్చు రెండిళ్లవాళ్లూ సగం సగం. మకరంద్ తల్లి కాళిందీబాయి భర్త పోయాక కుట్టుపని మీద కొడుకుని చదివించిన మనిషి. “సగం నాది, కానీ దాని మీద ఒక్క పైసా నావల్ల కాదు, ముందే చెప్తున్నా,” అని మొహమాటం లేకుండా చెప్పింది. ఆ మాట ఉజ్వలకి అప్పట్లో ఎంత హాయిగా అనిపించిందో!

ఉన్నంతలో చేసుకోవడమంటే ఏదో తగ్గించుకోవడమనే అనుకుంది ఉజ్వల మొదట్లో. కూతురు పని మొదలుపెట్టాక గానీ అర్థం కాలేదు. డాబా మీద కుండీల్లో బంతి, జీనియా పెళ్లినాటికి పూసేలా వరసలు మార్చి మార్చి నాటింది. స్నేహితురాళ్లు సాయంత్రాలు వచ్చి మంగళాష్టకాలు పాడటం నేర్చుకుంటున్నారు. ఉజ్వల పెళ్లినాటి పైఠణీ పట్టుచీరకి చిరుగున్న చోట కాళిందీబాయి తనే దారం తెచ్చి నేసినట్టుగా రఫూ చేసింది. “ఇది పొదుపు కాదు ఆయీ,” అనేది కేతకి తల్లితో. “పెళ్లిలో ఉన్న ప్రతి వస్తువూ ఎవరి చేతిదో నాకు తెలియాలి. వచ్చిన ప్రతి ముఖాన్నీ నేను గుర్తుపట్టాలి. ముక్కూమొహం తెలియని జనం ముందు బొమ్మలా నిలబడి దండాలు పెట్టడం నాకొద్దు.”

ఇప్పుడు మూడు టెంపోలు.

“ఆ ముఖాలన్నీ నాకు తెలుసు,” అన్నాడు మధుకర్. ఈసారి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“మీకు తెలుసు. నాకు తెలీదు.”

“మీ నాన్నకి తెలిస్తే నీకు తెలిసినట్టు కాదా?”

“కాదు.”

ఆ ‘కాదు’ గోడకి కొట్టిన మేకులా ఉండిపోయింది. ఉజ్వల పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి మధ్యలో నిలబడింది.

“ఏమండీ, అంతమందికి ఏం పెడదామనుకున్నారు? మసాలా భాత్, జిలేబీ అంటూ నూట యాభై మందికే కదా మాట్లాడింది?”

“అవన్నీ ఎందుకు? బెల్లం వేసి గోధుమరవ్వ లాపశీ వండిద్దాం. వంకాయ, బంగాళాదుంప కూర. అన్నం, పప్పు. నేల మీద వరసగా కూర్చోబెట్టి వేడివేడిగా వడ్డిస్తే చాలు. పైన వాళ్ల పెళ్లిళ్లలో అంతే. ఎంత బాగుంటుందో నీకేం తెలుసు?”

“ఇది పెళ్లా, అన్నదానమా?” అంది కేతకి.

అనేశాక తనకే తెలిసింది, అనకూడని మాట అని. కానీ వెనక్కి తీసుకోలేదు. మధుకర్ ముఖంలో రంగు మారింది.

“అన్నదానమే,” అన్నాడు మెల్లగా. “వాళ్లు నాకు పెట్టారు. నేను తిన్నాను.”

“పెళ్లిళ్లలో అందరూ తింటారు బాబా.”

“పెళ్లిళ్లలోనూ తిన్నాను.”

అక్కడ ఆపేసి లేచి పెరట్లోకి వెళ్లాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. చేతులు కడుక్కోవడానికి అంతసేపు పట్టదు.

పాలు పొంగాయి. ఉజ్వల పరుగెత్తింది.

“నేనే వెళ్లి చెప్తాను,” అంది కేతకి వంటింటి గుమ్మంలోకి వచ్చి. “రావద్దని కాదు. పెళ్లయ్యాక మేమిద్దరం వచ్చి అందరి కాళ్లకీ దండం పెడతామని చెప్తా. మర్యాదగానే చెప్తా. ఇప్పుడు చెప్పకపోతే కాళిందీ ఆయీకి ఏమని చెప్పాలి? మా నాన్న లోయనంతా పిలిచాడు, మీ సగం పెంచండి అనా?”

“ఒక్కదానివీ ఎందుకు? నేనూ వస్తా,” అంది ఉజ్వల.

పెరట్లోంచి మధుకర్ గొంతు వినిపించింది. అంతా విన్నాడన్నమాట. “గోళేవాడిలో దిగండి. ముందు తానూబాయి ఇంటికి వెళ్లండి. ఆవిడకి చెబితే లోయంతటికీ చెప్పినట్టే.” కాస్త ఆగి, “చెప్పులు మార్చుకో ఉజ్వలా. రాళ్లదారి,” అన్నాడు.

అడ్డం వస్తాడనుకుంది ఉజ్వల. అరుస్తాడనుకుంది. చెప్పులు మార్చుకోమన్నాడు. అది ఆమెని దారంతా గుచ్చుతూనే ఉంది.

* * *

బస్సు డ్యామ్ కట్ట దాటి కృష్ణ నీళ్ల పక్కనే వంపులు తిరుగుతోంది. వేసవికి నీళ్లు బాగా దిగిపోయి ఒడ్డున పగుళ్లు తీసిన బురద కనిపిస్తోంది. భర్త ముప్ఫై ఏళ్లు తిరిగిన దారి. ఉజ్వల ఈ బస్సు ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కాలని ఎందుకు అనిపించలేదో ఆలోచిస్తే, అతనెప్పుడూ రమ్మనలేదని తట్టింది.

వెనక సీట్లోంచి ఓ ముసలాయన ముందుకు వంగాడు. “మాస్తర్ ఇంటివాళ్లు కదూ?”

కండక్టరుని ఇటువైపు మాస్తర్ అనే అంటారు. ఉజ్వల తలూపింది.

“చూడగానే అనుకున్నా. ఈ పిల్ల గడ్డం అచ్చు మాస్తర్‌దే. పెళ్లికూతురివి నువ్వేనా? అరే, కిటికీ పక్కకి జరగమ్మా, పెళ్లి ముందు ఎండ తగలకూడదు... కాదు కాదు, ఇటు జరుగు, ఎండ అటే ఉంది!”

బస్సంతా నవ్వింది. కేతకి బలవంతంగా నవ్వింది.

“వెనకటికి మా వాడి పెళ్లికి వెళ్లాల్సినవాళ్లమంతా ఈ బస్సులోనే ఉన్నాం. దారిలో టైరు పేలింది. ముహూర్తం దాటిపోతోందని నేను ఏడుపు మొదలెట్టా. మాస్తర్ ఏమన్నాడో తెలుసా? టిక్కెట్టు తీసుకున్నవాణ్ణి ముహూర్తానికి చేర్చడం నా పూచీ అన్నాడు. తనే జాకీ పట్టాడు. మా వాడి బాసికం మీద కూడా గ్రీజే!”

టిక్కెట్లు కొడుతున్న అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, ఖాకీ కోటు మీద జడ వెనక్కి తోసుకుంటూ, “నన్ను కూడా పిలిచారు కాకూ. ఆ ఆదివారం డ్యూటీ మార్చుకున్నా,” అంది ఉజ్వలతో.

కేతకి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఉజ్వల కూతురి చేతి మీద చెయ్యి వేసింది.

* * *

తానూబాయి ఇంటిముందు మంచాల మీద పాత పంచెలు పరిచి వడియాలు ఎండబెట్టి ఉన్నాయి. ఎనభై దాటిన మనిషి. తొమ్మిది గజాల చీర కచ్చ బిగించి కట్టి, కాకుల్ని కర్రతో తోలుతోంది. ఎవరొచ్చారో తెలియగానే కర్ర పారేసి ఇద్దరి ముఖాలూ రెండు చేతులతో తడిమింది. మజ్జిగ ఇచ్చింది. వాళ్లు తాగేదాకా ఒక్క మాట అడగలేదు.

కేతకి గ్లాసు కింద పెట్టి చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆవరణ చిన్నది, భోజనాలు కొద్దిమందికే, ఖర్చు రెండిళ్లదీ. బాబా తెలియక పిలిచారు. పెళ్లయ్యాక మేమే వస్తాం.

తానూబాయి మంచం మీద పడ్డ ఎండుటాకు ఏరి పారేసింది.

“సరే,” అంది. “వచ్చి చెప్పావు, మంచిపని చేశావు. వడ్డన చాలక మాస్తర్ నలుగురిలో తలవంచుకునేకంటే ఇదే నయం. పాలవాడు పాండ్యాకి చెప్తాలే, టెంపోలు వద్దని.”

అంత తేలిగ్గా అయిపోయేసరికి కేతకి ముఖంలో ఏదో తెలియని ఖాళీ కనిపించింది ఉజ్వలకి. తిట్టినా బాగుండేదేమో.

“ఇన్నేళ్లకి వచ్చారు ఇద్దరూ,” అంది తానూబాయి. “మాస్తర్‌ని ఎన్నిసార్లు అడిగానో, ఓసారి కోడలుపిల్లని తీసుకురారా అని. తెచ్చేవాడు కాదు. తెస్తే మాలో ఎవరో ఒకరం నోరు జారతామని భయం వాడికి.”

“నోరు జారడానికి ఏముంది ఆజీ?” అంది ఉజ్వల నవ్వుతూ.

ముసలామె ఆమె వంక చూసింది. ఆ చూపుకి ఉజ్వల నవ్వు దానంతటదే ఆగిపోయింది.

“నీకు చెప్పలేదా? ఇప్పటికీనా?”

“ఏమిటి?”

“వద్దులే. వడియాలు తీసుకెళ్లండి, కట్టిస్తా.”

“ఆజీ, అంత చెప్పి ఆపకండి. నేను మా ఊరు వాయి దాకా ఎలా వెళ్లాలి?”

తానూబాయి మంచం అంచున కూర్చుంది. తర్వాత చెప్పింది, కొంచెం కొంచెంగా.

అప్పట్లో పైన పల్లెల్లో ఏడో తరగతి దాకానే బడి. ఆపైన చదవాలంటే కిందికి బస్సులో రావాలి. ఒక సంవత్సరం ఆడపిల్లల బస్సు పాసులు ఎక్కడో ఆగిపోయాయి. టిక్కెట్టు డబ్బులిచ్చి పంపే ఇళ్లు కావు. పిల్లలు బడి మానేస్తారని మాస్తర్ వాళ్లని ఊరికే ఎక్కించుకునేవాడు. జూన్ నుంచి దీపావళి ముందుదాకా నడిచింది. ఒకరోజు డ్యామ్ దగ్గర చెకింగువాళ్లు ఎక్కారు.

“ఉద్యోగంలోంచి ఆపేశారు. మళ్లీ హోళీ అయ్యాక తీసుకున్నారు. అంతవరకూ పొద్దున్నే ఖాకీ బట్టల్లో అదే బస్సెక్కి వచ్చేవాడు. ఇదిగో, ఈ కొయ్యకి ఖాకీ తగిలించి, మా ముసలాయన పంచె కట్టుకుని స్ట్రాబెర్రీ తోటల్లోకి దిగేవాడు. మేం డబ్బులిస్తామంటే ఊరికే తీసుకోనన్నాడు, కూలి చేస్తానన్నాడు. కూలి చేయడం వస్తేగా! మొదటివారం పండ్లకంటే ఆకులే ఎక్కువ కోశాడు. ఆడవాళ్లం నవ్వలేక చచ్చాం.” నవ్వబోయి ఆగింది. “కూలి ఏ రోజుదారోజు తీసుకునేవాడు కాదు. నెలాఖరున ఒక్కసారి ఇమ్మనేవాడు. జీతంలాగా.”

ఉజ్వలకి ఆ చలికాలం గుర్తొచ్చింది. రోజూ సాయంత్రం ఆకులో చుట్టి తెచ్చే స్ట్రాబెర్రీలు. ‘ప్యాసింజర్లు ఇచ్చారు’ అనేవాడు. రెండో తరగతి చదివే కేతకి మూతంతా ఎర్రగా చేసుకుని తినేది. అతని వేళ్ల చివర్లు పగిలి ఉంటే ‘డబ్బులు లెక్కపెట్టి పెట్టి’ అన్నాడు. ఆమె వేళ్లకి వెన్న రాసింది. నమ్మింది. అసలు అనుమానమే రాలేదు.

పక్కన కేతకి లేచి నిలబడింది. “ఆజీ, నేనన్నది వదిలెయ్యండి. మీరంతా పెళ్లికి రావాలి.”

“ఇప్పుడేగా వద్దన్నావు?”

“అప్పుడు నాకు తెలీదు.”

“ఇప్పుడు ఏం తెలిసిందని?” తానూబాయి గొంతు గట్టిపడింది. “చూడు పోరీ, మాస్తర్ మాకేం బాకీ లేడు. పనిచేశాడు, కూలి పుచ్చుకున్నాడు. వాడు మమ్మల్ని పిలిచింది ఇష్టమై. నువ్వు పిలిచేది జాలిపడి. ఆ పిలుపుకి ఈ లోయలో కాకి కూడా రాదు.”

కేతకి చెంప మీద దెబ్బ తిన్నట్టు నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తల దించలేదు. “అయితే నాకు మీ ఊరు చూపించండి,” అంది.

“ఎందుకు?”

“బాబాకి తెలిసిన ముఖాలు నేనూ చూస్తా. పిలవాలో వద్దో ఆ తర్వాత చెప్తా.”

తానూబాయి మూలనున్న కర్ర అందుకుంది.

ఆ మధ్యాహ్నం ఎండలో కేతకి ఎన్ని గడపలెక్కిందో ఉజ్వలకి గుర్తు లేదు. ప్రతి ఇంట్లో పేర్లు అడిగింది. ఎవరి పిల్లలు ఎవరో అడిగింది. ఒక ఇంట్లో ఉయ్యాలలో బిడ్డకి జ్వరమైతే తడిగుడ్డ వేసి కూర్చుంది. ఒక ఇంట్లో ఆడవాళ్లు, “మీ నాన్న వంగి పండ్లు కోసేవాడు ఇలా!” అంటూ నడుము పట్టుకుని చేసి చూపిస్తే, పొద్దుట్నుంచి మొదటిసారి ఆ పిల్ల పగలబడి నవ్వింది. ఇంకో ఇంట్లో ఒకాయన, “కార్డు లేకుండా నోటితో పిలిస్తే వస్తామా ఏంటి? మేమేమైనా తేరగా ఉన్నామా?” అని మొహం మాడ్చుకున్నాడు. అతని పేరు కూడా అడిగింది.

కొండనీడ ఇళ్ల మీద పడేవేళకి తిరిగి వచ్చి తానూబాయి ముందు గొంతుక్కూర్చుంది.

“బాలవాడి ఆవరణ చాలదు ఆజీ. నది ఘాట్ మీద పెట్టుకుంటాను పెళ్లి. జిలేబీ ఉండదు. లాపశీయే. మీ ఆడవాళ్లు మంగళాష్టకాల తర్వాత మీ పాటలు పాడాలి. రండి. నాకు మీరు రావాలని ఉంది.”

తానూబాయి వడియాల మూట తెచ్చి ఆ పిల్ల ఒళ్లో పెట్టింది.

* * *

“కాళిందీబాయికి ఎవరు చెప్తారు?” అంది ఉజ్వల, స్టాపు దగ్గర రాతి అరుగు మీద కూర్చున్నాక.

కేతకి ఫోను చూసుకుంది. సిగ్నల్ లేదు. “నేనే. మొదట మకరంద్‌కి. తను ఒప్పుకున్నా వాళ్లమ్మ ఒప్పుకోకపోవచ్చు ఆయీ. ఆవిడకి మాటంటే మాటే. సగం అన్నారు, ఆ సగానికే నిలబడ్డారు. ఇప్పుడు మాట మార్చేది నేను.”

“ఒప్పుకోకపోతే?”

కేతకి వడియాల మూట ముడి బిగించింది.

పైకి వెళ్లే బస్సు దుమ్ము లేపుతూ వచ్చి ఆగింది. అందులోంచి మధుకర్ దిగాడు. పెళ్లిపిలుపులకని ఉతికి పెట్టుకున్న తెల్లచొక్కా, తలమీద టోపీ. వీళ్లని చూసి తడబడ్డాడు. బస్సు జోర్ వైపు సాగిపోయింది. చివరిదాకా వెళ్లి తిరిగి వస్తుంది.

“నేనే చెప్పుకోవలసింది,” అన్నాడు దగ్గరికి వచ్చి. “పిలిచినవాణ్ణి నేను. వద్దనే మాట పిల్లచేత అనిపించాను. ఇంట్లో కూర్చోలేకపోయా.”

“చెప్పాను బాబా,” అంది కేతకి. “చెప్పి, మళ్లీ పిలిచి వస్తున్నా.”

అతనికి అర్థం కాలేదు. కూతురి ముఖం చూశాడు, ఆమె ఒళ్లో మూట చూశాడు. చివరికి ఉజ్వల వైపు చూశాడు.

“స్ట్రాబెర్రీలు ప్యాసింజర్లు ఇచ్చారనేవారు,” అంది ఉజ్వల.

మధుకర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కింద నీళ్లలో గేదెలు ఒకదాని వెనక ఒకటి ఒడ్డెక్కుతున్నాయి.

“నాతో చెబితే నేనేమనేదాన్ని?” అంది ఆమె. కోపంగా అనాలనుకుంది. కోపం రాలేదు. “తిట్టేదాన్నా? పుట్టింటికి పోయేదాన్నా?”

“నువ్వేమీ అనేదానివి కాదు,” అన్నాడు. “ఏమీ అనకుండా నీ బంగారు గాజులు తీసి బల్ల మీద పెట్టేదానివి. అది చూడలేకే చెప్పలేదు.”

ఉజ్వల చెయ్యి చాపి అతని వేళ్లు పట్టుకుంది. ఇన్నేళ్లలో ఆ చివర్లు ఎప్పుడో నున్నబడిపోయాయి.

దూరంగా బస్సు హారన్ వినిపించింది, తిరిగి వస్తోంది. మధుకర్ ఆ వైపు చూసి, తల తిప్పకుండానే అడిగాడు.

“తానూబాయి... మిగతాది కూడా చెప్పిందా?”

“ఏ మిగతాది?” అంది ఉజ్వల.

అతను చేతిలో టోపీ నలిపాడు. ముఖంలోంచి నెత్తురంతా దిగిపోయింది. ఉజ్వల చూస్తోంది. ఉద్యోగం పోయినప్పుడు ఖాకీ వేసుకుని బయల్దేరిన మనిషి ముఖం ఎలా ఉండేదో ఆమె అప్పుడు చూడలేదు. ఇప్పుడు చూస్తోంది.

బస్సు వచ్చి ఆగింది. పొద్దుటి అమ్మాయే, తలుపు తీసి పట్టుకుంది. “ఎక్కండి కాకూ. మాస్తర్, మీరూనా? ఇప్పుడే కదా దింపాను!”

“కేతకీ, నువ్వు ఎక్కు,” అంది ఉజ్వల.

“ఆయీ?”

“ఎక్కు తల్లీ. ఇంటికెళ్లి ముందు కాళిందీబాయికి ఫోన్ చెయ్యి. మీ నాన్న చెప్పాల్సింది వినేసి మేం తర్వాతి బస్సుకి వస్తాం.”

కండక్టరు అమ్మాయి అయోమయంగా చూసింది. “తర్వాతి బస్సు లేదు కాకూ. ఇదే ఆఖరిది.”

“తెలుసు,” అంది ఉజ్వల, అతని చెయ్యి వదలకుండా.